మీకు తెలుసా? గురుగ్రంథంలో తొలి రాగం శ్రీరాగం

సిక్కుల గురుగ్రంథ్ సాహిబ్‌లో 1430 పుటలు. ఆరంభంలోని నిత్యప్రార్థనలు, చివరి శ్లోకాలు వంటివి పక్కన పెడితే, మిగతా కీర్తనలన్నీ 31 రాగాల కింద అమరి ఉంటాయి. ముందు రాగం, తర్వాత రచనా రూపం, ఆపైనే గురువుల క్రమం. సంగీతానికి ఇంత పెద్దపీట వేసిన మతగ్రంథం అరుదు!

తోడి, కేదార, వసంత, కల్యాణ్... పేర్లన్నీ మనకు తెలిసినవే. స్వరాలు మాత్రం కొన్నిచోట్ల వేరు. అక్కడి రాగాల వరుస శ్రీరాగంతో మొదలై జైజావంతితో ముగుస్తుంది. త్యాగరాజు ‘ఎందరో మహానుభావులు’ కూడా శ్రీరాగమే, అయితే ఉత్తరాది శ్రీరాగం స్వరాలు వేరు.

ఈసారి గురుద్వారాకు వెళ్తే, పాడుతున్నది ఏ రాగమో తప్పక అడగండి.