పందెంలో దిగేముందు

సూర్యుడింకా కొండల చాటునే ఉన్నాడు. ఉత్తర ఇటలీలో, ఆల్ప్స్ పర్వతాల పాదాల చెంత పరచుకున్న గార్డా సరస్సు మీద అప్పటికే గాలి వీస్తున్నది. ఉత్తరాన ఉన్న కొండల నుంచి దిగివచ్చే ఈ గాలిని అక్కడివారు పెలేర్ అంటారు. పొద్దెక్కిన కొద్దీ అది సద్దుమణుగుతుంది. మధ్యాహ్నానికి దక్షిణం నుంచి ఓరా అనే మరో గాలి బయలుదేరుతుంది. ఒకే సరస్సు, ఒకే రోజు, రెండు గాలులు! వింగ్ ఫాయిలింగ్ సాధకులు పోటీకి ముందు తమ సామగ్రిని పరీక్షించుకోవడానికి ఇది ఎంతో అనువైన చోటు.

ఈ క్రీడ తొలిసారి చూసేవారికి ఇంద్రజాలంలా తోస్తుంది. పొట్టి పలక మీద మనిషి నిలబడి ఉంటాడు. అతని చేతుల్లో గాలి నింపిన రెక్క. దానికీ పలకకూ అతుకు లేదు. పలక అడుగున సుమారు మీటరు పొడవున నిలువు దండం, దాని కొసన చిన్న విమానం వంటి అమరిక: ముందొక రెక్క, వెనుకొక తోకరెక్క. వేగం పుంజుకోగానే పలక నీటిని విడిచి పైకి లేస్తుంది. నీటిలో దండమూ రెక్కలూ మాత్రమే మిగులుతాయి.

ఈ కిటుకు కొత్తది కాదు. ఇటలీ ఇంజనీరు ఎన్రికో ఫోర్లానినీ 1906లో మజ్జోరే సరస్సుపై ఇటువంటి నీటిరెక్కల పడవను నడిపాడు. 1919లో కెనడాలో అలెగ్జాండర్ గ్రాహం బెల్ బృందం నిర్మించిన హెచ్.డి.-4 గంటకు 114 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నది.

చిక్కంతా ఎంపికలోనే ఉన్నది. నీటిరెక్క పైకెత్తే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లవుతుంది. కనుక వేగంగా పోయేవానికి చిన్న రెక్క చాలు. పెద్దది నీటి ఒరిపిడిని పెంచి వెనక్కు లాగుతుంది. కాని గాలి మందగిస్తే చిన్న రెక్క మనిషిని మోయలేదు. పలక నీటిలో కూలబడుతుంది. పెద్ద రెక్కను ఎంచుకున్న ప్రత్యర్థి పక్కనుంచే సాగిపోతాడు. నెలల తరబడి చేసిన సాధన నీళ్ళపాలవుతుంది.

అందుకే అనుభవజ్ఞులు ఒక నియమం పాటిస్తారు: ఒకసారికి ఒకే మార్పు. చేతిరెక్కనూ నీటిరెక్కనూ ఒకేసారి మార్చి, వేగం పెరిగిందని సంబరపడితే ఆ పుణ్యం దేనిదో తేలదు. చేతి గడియారం వేగాన్ని నమోదు చేస్తుంది. అయితే రెండు నిమిషాల క్రితం వీచిన గాలి ఇప్పుడు లేదు. కనుక సమాన నైపుణ్యం గల ఇద్దరు ఒకే గాలిలో పక్కపక్కనే సాగుతారు. తరువాత సామగ్రిని ఇచ్చిపుచ్చుకొని మళ్ళీ సాగుతారు. రెండుసార్లూ ఒకే పరికరం ముందుంటే గొప్ప పరికరానిది. ఒకే మనిషి ముందుంటే గొప్ప మనిషిది.

సూక్ష్మమైన సవరణలు ఇంకా ఉన్నాయి. తోకరెక్క దగ్గర పలుచని బద్ద దూర్చి కోణాన్ని అర డిగ్రీ మార్చినా పలక నడక మారిపోతుంది. సంక్రాంతికి గాలిపటానికి సూత్రం కట్టినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ముడి రవ్వంత జరిగితే గాలిపటం తలవాల్చదూ?

ఇందులో గెలుపోటములే కాదు, ప్రమాదమూ ఉన్నది. నీటిరెక్క కొస నీటిని చీల్చుకొని పైకి వస్తే, గాలి లోనికి చొరబడి ఎత్తే బలం క్షణంలో హరించుకుపోవచ్చు. పడిన మనిషికి చేరువలోనే పదునైన అంచులుంటాయి. శిరస్త్రాణమూ, దెబ్బ కాచే కవచమూ అందుకే. ఏ అమరిక ఎంత వేగం వద్ద అదుపు తప్పుతుందో పందెంలో కాక పరీక్షలోనే తెలియాలి.

అందువల్ల అన్నిటికంటే వేగవంతమైనదే చివరకు ఎంపిక కావాలన్న నియమం లేదు. అలసిన కాళ్ళతో, అలల మధ్య, ప్రతి మలుపులోనూ నమ్మదగినదేదో అదే మేలు. సాయంత్రం ఓరా తగ్గాక సాధకుడు ఒడ్డున కూర్చొని మరలు బిగిస్తాడు. దండం నిలిపిన చోట కలంతో గుర్తు పెట్టుకుంటాడు. మర్నాటి ఉదయం గాలిని చూసి, పరీక్షించిన అమరికలలో ఒకదానిని తీసుకుంటాడు. పరీక్షించని దాని జోలికి మాత్రం పోడు.