తెరచాటు చక్రవర్తి

ఋతువులు మనకు తలక్రిందులైన దక్షిణార్ధగోళమున, మన యిండ్లలో ఆవకాయ జాడీల కెక్కు ఏప్రిల్, మే మాసములే శరత్కాలము. ఆ దినములలో టాస్మేనియా ద్వీపమునను, దాని కుత్తరమున నున్న విక్టోరియా కొండలయందును సన్నవాన పట్టి విడిచిన పిమ్మట, రాలిన బెరడు పేలికలును కొడవలివంటి యెండుటాకులును దట్టముగా పరచుకొన్న యూకలిప్టసు అడవి నేలను పగుల్చుకొని, అప్పుడే రాలిన నేరేడుపండువలె మిసమిసలాడు పుట్టగొడుగొకటి తలయెత్తును. శాస్త్రజ్ఞులు దానిని కార్టినేరియస్ ఆర్చెరి యందురు; జనవ్యవహారమున దానికి చక్రవర్తి యను బిరుదము కలదు. మన రాజులకు చిహ్నము శ్వేతచ్ఛత్రము, రోము ప్రభువులకు ఊదావర్ణము. ఇచట ఛత్రము మన మర్యాదకును, వన్నె వారి మర్యాదకును చెల్లినవి.

లేబ్రాయమున దాని గొడుగు జిగురు పూసినట్లుండి, పైబడిన ఆకుతునకల నంటించుకొని విడువదు. గొడుగు అంచునుండి కాడవరకు కట్టిన తెర యొకటి అడుగునగల మొప్పలవంటి రేకులను మరుగుపరచును. ఇట్టి తెరను బట్టియే, రెండువేలకు మించిన జాతులుగల ఈ ప్రజాతికి, లాటినున తెర యను నర్థముగల పదమునుండి పేరు వచ్చినది. కూచిపూడివారి సత్యభామ తెరపై జడ వేసి ప్రేక్షకుల నూరించినట్లే ఇదియు కొంత తడవు ఊరించును. గొడుగు విచ్చుకొనగనే తెర చినిగి కాడకు ఉంగరమువలె చిక్కుకొనును. పిమ్మట బయలుపడునది ఊదా కాదు, తుప్పు. పక్వమైన సిద్ధబీజములు తుప్పువన్నె పొడియై రాలి ఆ యుంగరమునకు గూడ రంగు పట్టించును. చూపరులు పైవర్ణమునకు మురియుదురు గాని, నిపుణుడు గురుతు పట్టుటకు నమ్ముకొనునది ఈ పొడినే.

చెట్టు పేరును మరుగునే చెప్పుచున్నది. 1777లో కెప్టెన్ కుక్ మూడవ యాత్రా నౌకలు టాస్మేనియా చెంతనున్న బ్రూనీ దీవియొద్ద లంగరు దింపినపుడు సేకరింపబడిన కొమ్మను పరిశీలించి, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెరిటియే 1788లో, బాగుగ మూయబడినది యను గ్రీకు పదములతో దానికి యూకలిప్టసని నామకరణము చేసెను. మొగ్గపై కుండకు మూతవలె నొక టోపీ యుండి, పువ్వు విచ్చునపుడు ఊడిపడును. మనవారు జామాయిలని పెంచు చెట్ల ఇంటిపేరును ఇదియే. మూత పేరుగల చెట్టునకు తెర పేరుగల గొడుగు తోడు. వారి కాపురము సాగునదియు కంటికానని చోటనే. మన పుట్టగొడుగునకు పేరిచ్చినది చెదపుట్ట. దీనికి ఊపిరి నిచ్చునది చెట్టువేరు. దారముకంటె సన్నని శిలీంధ్రతంతువులు వేరుకొనలకు తొడుగు తొడిగి, భాస్వరము మిక్కిలి కొరతగానున్న ఆ నేలలలో దూరదూరములకు ప్రాకి, భాస్వరమును నత్రజనిని తెచ్చి చెట్టునకిచ్చి, ప్రతిగా ఆకులు వండిన చక్కెరను పుచ్చుకొనును. ఇట్టి పొత్తునకు జర్మను పండితుడు ఫ్రాంక్ 1885లో వేరుశిలీంధ్రమను నర్థముగల పేరిడెను. మనము చూచి ముచ్చటపడునది కొలది దినముల పంట మాత్రమే. రైతు నేలలోపల నున్నాడు.

ఇంత చక్కనిదానిని వండుకొన వచ్చునా యని మన తెలుగునాలుక అడుగక మానదు. వలదు. దీని సగోత్రములలో కొన్ని మూత్రపిండములను నాశనము చేయును. అదియు తిన్న నాడు కాదు, దినములు, ఒక్కొక్కప్పుడు వారములు గడచి, తిన్న మాటయే మరచిన పిమ్మట. 1950 దశకమున పోలండు దేశీయులు ప్రాణములర్పించి ఈ సంగతి లోకమునకు తెలియజేసిరి.

జాతినామములోని ఆర్చెరి, టాస్మేనియాలో పుట్టిన విలియం ఆర్చరు స్మారకము. వృత్తికి వాస్తుశిల్పి, శాసనసభ్యుడు. మనసు మాత్రము మొక్కలపై. 1855 మొదలు 1860 వరకు భాగములుగా వెలువడిన హుకరు పండితుని టాస్మేనియా వృక్షగ్రంథమునకు తోడ్పడిన వారిలో ఇతడు ముఖ్యుడు. ఆ గ్రంథమున ఈ గొడుగును వర్ణించి పేరు పెట్టినవాడు బర్క్లీ యను ఆంగ్ల మతాచార్యుడు. బంగాళదుంపల తెగులునకు శిలీంధ్రమే హేతువని 1846లో వాదించిన ఘనుడు. ఆస్ట్రేలియా గడ్డపై అతడెన్నడును కాలు మోపలేదు. ఓడలో నెలల తరబడి పయనించి వచ్చిన యెండు వస్తువుపై ఊదా యెంత నిలిచి యుండును? వానవెలిసిన అడవిలో ఆ రంగును చూచినవాడొకడు. దానికి పేరు పెట్టినవాడు మరియొకడు.