చలికాలం బ్రూడింగ్: బొగ్గు పొయ్యికి గాలి సర్దితేనే షెడ్డులో వేడి

చలి రాత్రుల్లో కోడిపిల్లలు ఒకచోట గుంపుగా చేరి అరుస్తుంటే చాలామంది రైతులు చేసే పని ఒకటే. పొయ్యి తలుపు బార్లా తెరిచి ఇంకో గంపెడు బొగ్గు వేస్తారు. మంట భగ్గుమంటుంది, గొట్టం ఎర్రబడుతుంది, పిల్లలు మాత్రం వణుకుతూనే ఉంటాయి. గాలి మరీ ఎక్కువైతే వేడి షెడ్డులో నిలవదు, పొగగొట్టం గుండా బయటికి పోతుంది. పొగగొట్టం ఉన్న బొగ్గు పొయ్యిలో ఎక్కువ వేడి రావాలంటే ముందు సరిచేయాల్సింది గాలిని.

గాలి దారులు మూడు

1. కింద బూడిద తలుపు: ఇక్కడి గాలి ఇనుప ఊచల సందుల్లోంచి వెళ్లి బొగ్గును మండిస్తుంది.

2. పై తలుపులోని చిన్న రంధ్రం: కొత్తగా వేసిన రాక్షసి బొగ్గు నుంచి వచ్చే వాయువులు మండడానికి ఈ గాలి కావాలి. ఇది చాలకపోతే ఆ వాయువులు నల్లటి పొగగా పోతాయి, మీరు పెట్టిన డబ్బూ వాటితోనే పోతుంది.

3. గొట్టంలోని మూత, అంటే డాంపర్: పొగ ఎంత వేగంగా పోవాలో ఇది నిర్ణయిస్తుంది.

సర్దుకునే పద్ధతి

• ముందుగా ఊచల మీద బూడిద దులపండి. కింద పేరుకున్న బూడిద తీసేయండి. బూడిద అడ్డుపడితే తలుపు ఎంత తెరిచినా గాలి అందదు.

• వెలిగించేటప్పుడు బూడిద తలుపు, డాంపర్ పూర్తిగా తెరవండి.

• బొగ్గంతా ఎర్రబడ్డాక బూడిద తలుపును కొద్దికొద్దిగా మూయండి. ఒకసారి మార్చాక 15-20 నిమిషాలు ఆగి చూడండి.

• కొత్త బొగ్గు కొంచెం కొంచెంగా, ఒక పక్కకే వేయండి. మరో పక్క ఎర్రని నిప్పు పైకి కనిపిస్తూ ఉండాలి. పొగ తగ్గేదాకా పై రంధ్రం తెరిచి ఉంచండి.

• పై తలుపు తీసే ముందు డాంపర్ తెరవండి. తలుపును కాస్త సందు చేసి, ఒక నిమిషం ఆగి తీయండి. లేకుంటే మంట ముఖం మీదికి ఎగదన్నవచ్చు.

• గొట్టం ఎర్రబడితే గాలి ఎక్కువైందని గుర్తు. వెంటనే బూడిద తలుపు తగ్గించండి.

పిల్లల్ని చూసి తెలుసుకోండి

థర్మామీటరును పిల్లల వీపు ఎత్తులో కట్టండి. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి. తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించండి. పిల్లలు పొయ్యి దగ్గర గుంపుగా చేరితే వేడి చాలలేదు. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పితే వేడి ఎక్కువైంది. ఒకే పక్కకు ఒదిగితే చల్లగాలి కొడుతోందని గుర్తు. అంతటా పరుచుకొని మేత తింటుంటే సరిగ్గా ఉన్నట్టు.

ఇది మాత్రం మరవొద్దు

వేడి నిలవాలని డాంపర్‌ను పూర్తిగా మూయొద్దు. పరదాలు కూడా నాలుగువైపులా బిగించొద్దు. గాలి చాలని బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పిల్లల్నే కాదు, కాపలా ఉన్న మనిషినీ చంపుతుంది. పరదాల పైన బెత్తెడు సందైనా ఉంచండి. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం మొదలైతే వెంటనే బయటికి రండి, పక్కవాళ్లనూ బయటికి తీసుకురండి, ఆసుపత్రికి వెళ్లండి. పొయ్యి మండుతున్న షెడ్డులో ఎవరూ పడుకోవద్దు. పొగగొట్టం లేని కుంపటి మూసిన షెడ్డులో ఇంకా ప్రమాదం.

తీసిన బూడిదలో నిప్పు దాగి ఉంటుంది. దాన్ని ఇనుప బకెట్‌లో వేసి, వరిపొట్టుకు దూరంగా షెడ్డు బయట పెట్టండి.

ఈ రాత్రి బొగ్గు వేసే ముందు ఒకసారి బూడిద దులిపి, తలుపు సర్ది, 20 నిమిషాలు ఆగి చూడండి. అప్పటికీ పిల్లలు గుంపుగానే ఉంటే అప్పుడు బొగ్గు వేద్దురుగాని.