మెమొయిజేషన్ చేసిన హాస్కెల్ ప్రోగ్రాములో అధిక మెమరీ వినియోగం: తెలుగు ఊరిపేర్ల పోలిక ఆధారంగా కారణ నిర్ధారణ

సారాంశం: హాస్కెల్‌లో మెమొయిజేషన్ ప్రోగ్రాము మెమరీని విపరీతంగా వాడుతున్నప్పుడు తప్పు అక్షరమాల ప్రాతినిధ్యానిదా, వాయిదా పడిన గణనలదా, విడుదల కాని పట్టికదా అన్నది ముందుగా తేల్చాలి. తెలుగు ఊరిపేర్ల సవరణ దూరాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం ఆ నిర్ధారణ క్రమాన్ని వివరిస్తుంది.

కీలక పదాలు: హాస్కెల్, మెమొయిజేషన్, థంక్, హీప్ ప్రొఫైల్, సవరణ దూరం, యూనికోడ్

1. ప్రస్తావన

ఒకసారి గణించిన ఫలితాన్ని దాచి, అదే ప్రశ్న మళ్లీ ఎదురైనప్పుడు తిరిగి వాడుకోవడమే మెమొయిజేషన్. ఈ భావనకు 1968లో డొనాల్డ్ మిచీ పేరు పెట్టారు. కాలం ఆదా చేయడానికి మెమరీని ఖర్చు పెట్టడం దీని స్వభావం. కాబట్టి మెమరీ పెరగడమే దోషం కాదు. అవసరం తీరిన తరువాత కూడా తగ్గకపోవడం దోషం.

ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబర్ 11 నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చిన ఎల్లారెడ్డిపేటను ‘యెల్లారెడ్డిపేట’ అని కూడా రాయవచ్చు. కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డి మాత్రం వేరే ఊరు. పాత, కొత్త జాబితాలను కలపాలంటే మొదటి రెండూ ఒకటేనని, మూడోది వేరని ప్రోగ్రాము గుర్తించాలి. ఒక పేరును మరో పేరుగా మార్చడానికి కావలసిన కనీస సవరణల సంఖ్యే సవరణ దూరం. దీన్ని గణించేటప్పుడు చిన్న భాగాల దూరాలు పదేపదే అవసరమవుతాయి, అందుకే మెమొయిజేషన్.

2. అంచనా లెక్క

‘ఎల్లారెడ్డిపేట’లో 14 యూనికోడ్ సంకేతాలున్నాయి, ‘యెల్లారెడ్డిపేట’లో 15. ఈ జత పట్టికకు 15 × 16 = 240 గడులు కావాలి. 64 బిట్ల జీహెచ్‌సీలో ‘మ్యాప్’ నిర్మాణపు ఒక్కో కణుపుకు 48 బైట్లు, రెండు భాగాల కీలకానికి 24 బైట్లు, మొత్తం 72 బైట్లు పడతాయి. ఒక జతకు ఇది 17,280 బైట్లు మాత్రమే.

వెయ్యి పేర్లుంటే 4,99,500 జతలవుతాయి. పేర్లన్నీ ఇదే నిడివివని అనుకొని, అన్ని జతలకూ ఒకే పట్టికను కొనసాగిస్తే గరిష్ఠంగా 11.99 కోట్ల గడులు, అంటే సుమారు 863 కోట్ల బైట్లు. 8 గిగాబైట్ల ల్యాప్‌టాప్ మొత్తం మెమరీ 859 కోట్ల బైట్లే. ‘పేట’ వంటి ఉమ్మడి ముగింపుల వల్ల గడులు కొంత తగ్గవచ్చు. అయితే జీహెచ్‌సీ గార్బేజ్ కలెక్టర్ సజీవ దత్తాంశాన్ని కొత్త చోటికి నకలు చేస్తుంది గనుక, ఆ సమయంలో అదనపు స్థలం కూడా కావాలి.

3. మూడు అనుమానాలు

మొదటి అనుమానం స్ట్రింగ్‌పై కలుగుతుంది. హాస్కెల్ స్ట్రింగ్ ఒక జాబితా. ప్రతి సంకేతానికి 24 బైట్ల కణం ఉంటుంది. సంకేత విలువ 255 లోపు ఉన్న అక్షరాలకు జీహెచ్‌సీ ముందే సిద్ధం చేసిన ఉమ్మడి ప్రతులను వాడుతుంది. తెలుగు సంకేతాలు ఆ పరిధికి వెలుపల ఉన్నందున ఒక్కోదానికి మరో 16 బైట్లు చేరతాయి. అందువల్ల ఆంగ్ల అక్షరాలతో పరీక్షించినప్పుడు తేలికగా కనిపించిన ప్రోగ్రాము తెలుగుతో బరువెక్కుతుంది. ‘ఎల్లారెడ్డిపేట’కు 560 బైట్లు అవుతాయి, యూటీఎఫ్-8 ఆధారిత ‘టెక్స్ట్’ రకంలో సుమారు 96 సరిపోతాయి. అయినా వెయ్యి పేర్లకు స్ట్రింగ్ ఖర్చు 5.6 లక్షల బైట్లే. 863 కోట్ల ముందు ఇది లెక్కలోకి రాదు. అనుమానం నిజమే, కానీ ఇక్కడ కారణం అది కాదు.

రెండోది థంక్, అంటే వాయిదా పడిన గణన. పట్టికలో సంఖ్యకు బదులు థంక్ చేరితే అది తన పొరుగు గడులను కూడా పట్టుకొని ఉంటుంది. మూడోది పట్టిక ఆయుష్షు. ప్రోగ్రాము పైస్థాయిలో నిర్వచించిన పట్టికను ఇంకా నడవవలసిన కోడ్ ప్రస్తావిస్తున్నంత కాలం గార్బేజ్ కలెక్టర్ తొలగించలేదు.

4. కొలత

రన్‌టైమ్ గణాంకాలలో మొత్తం కేటాయింపును చూసి భయపడనక్కరలేదు. వెంటనే విడుదలైన మెమరీ కూడా అందులో కలిసి ఉంటుంది. చూడవలసినది సజీవ దత్తాంశపు గరిష్ఠ పరిమాణం. తరువాత నిర్మాణాల వారీ హీప్ ప్రొఫైల్ తీయాలి. దీనికి ప్రొఫైలింగ్ కోసం ప్రత్యేకంగా కంపైల్ చేయనక్కరలేదు. గ్రాఫ్‌లో థంక్‌ల పట్టీ ఉబ్బితే రెండో కారణం. మ్యాప్ కణుపులు, జంటలు జతల సంఖ్యతో పాటు ఆగకుండా పెరిగితే మూడోది. ఎవరు పట్టుకొని ఉన్నారో తెలియకపోతే ‘రిటైనర్’ ప్రొఫైల్ చెబుతుంది. అయితే అందుకు చేసే ప్రత్యేక కంపైలేషన్ ప్రతి వస్తువుకూ అదనపు సమాచారం జోడిస్తుంది. ఆ బైట్ల సంఖ్యను యథాతథంగా తీసుకోకూడదు.

5. పరిష్కారం

కారణం థంక్‌లైతే విలువలను గణించి దాచే ‘స్ట్రిక్ట్’ మ్యాప్ వాడాలి. గడులు ఒకదానినొకటి ప్రస్తావించే లేజీ అర్రేలో మాత్రం వాయిదాయే పద్ధతికి ఆధారం; అక్కడ దాన్ని తొలగిస్తే గణనే సాగదు. కారణం ఆయుష్షయితే పట్టికను ఒక్కో జతకు పరిమితం చేసి, దూరాన్ని అప్పటికప్పుడే గణింపజేయాలి. ఉమ్మడి ముగింపుల పునర్వినియోగం పోతుంది. దానికి బదులు 240 గడులు జత ముగియగానే విడుదలవుతాయి. దూరం మాత్రమే కావలసినప్పుడు రెండు వరుసలు చాలు.

6. ముగింపు

సంకేతాలకు బదులు ఎ-ల్లా-రె-డ్డి-పే-ట అని అక్షరాలను ప్రమాణంగా తీసుకుంటే పట్టిక 7 × 7 = 49 గడులకు తగ్గుతుంది. సంకేతాల లెక్కలో ‘యెల్లారెడ్డిపేట’ దూరం 2, ‘ఎల్లారెడ్డి’ దూరం 3; అక్షరాల లెక్కలో ఇవి 1, 2 అవుతాయి. ‘ఎ’కు బదులు ‘యె’ రాయడం ఒకే మార్పు అన్న భాషా వాస్తవం ఇందులో నేరుగా కనిపిస్తుంది. కానీ జతలన్నిటికీ ఒకే పట్టిక కొనసాగితే ఈ తగ్గింపు కూడా పేర్లు పెరిగేదాకానే. అందుచేత ముందు ఆయుష్షును సరిచేసి, ఆ తరువాతే ప్రమాణాన్ని ఎంచుకోవడం సరైన క్రమం.