గొయ్యి పూడిస్తే సరిపోదు

1971 డిసెంబరు యుద్ధంలో పాకిస్తాన్ విమానాలు కచ్‌లోని భుజ్ రన్‌వేని బాంబులతో పాడుచేశాయి. మరమ్మతుకు చాలినంతమంది కూలీలు లేరు. స్థావరం అధిపతి స్క్వాడ్రన్ లీడర్ విజయ్ కార్ణిక్ పక్కనున్న మాధాపర్ గ్రామాన్ని సాయం అడిగారు. దాదాపు 300 మంది ఆడవాళ్లు కదిలివచ్చారు. ఆకుపచ్చ చీరలు కట్టుకుని, సైరన్ మోగితే తుప్పల్లో దాక్కుంటూ, 72 గంటల్లో రన్‌వేని వాడకంలోకి తెచ్చారు. పైనుంచి పోల్చుకోకుండా పేడతో అలికారు కూడా.

ఈ కథ చెప్పుకునేటప్పుడు ఆ ధైర్యం దగ్గరే ఆగిపోతాం. ఆ పని ఎంత చిక్కైనదో ఆలోచించం.

బాంబు కాంక్రీటు మీదే పేలితే పైపైన పెచ్చు లేస్తుంది, అంతే. అందుకే ఫ్రాన్స్ తయారుచేసిన డ్యూరాండల్ లాంటి రన్‌వే బాంబుల తీరు వేరు. ముందు పారాచూట్ దాని వేగం తగ్గించి ముక్కు కిందికి తిప్పుతుంది. తర్వాత రాకెట్ రాజుకుని దాన్ని కాంక్రీటులోకి దిగ్గొడుతుంది. పేలుడు జరిగేది పలక కింద, మట్టిలో. ఆ వాయువుల ఒత్తిడికి గొయ్యి చుట్టూ ఉన్న పలకలు చీమలపుట్టలా ఉబ్బుతాయి. చూడ్డానికి అవి బాగానే ఉంటాయి, కింద నేల మాత్రం గుల్ల. పైన పటారం, లోన లొటారం.

కాబట్టి అసలు మరమ్మతు పూడ్చడంతో కాక, ఇంకాస్త పగలగొట్టడంతో మొదలవుతుంది. ఉబ్బు ఎంతదూరం పాకిందో కొలిచి, అక్కడివరకూ కాంక్రీటును రంపంతో కోసి తీసేస్తారు. తర్వాత కంకరను పొరలుపొరలుగా పోసి, ప్రతి పొరనూ దిమ్మిస కొట్టినట్టు గట్టిపరుస్తారు. పైపులైను కోసం తవ్వి పూడ్చిన మన వీధులు తొలి వానకే కుంగేది ఈ ఓపిక లేకే. పైగా యుద్ధ విమానం టైరులో గాలి ఒత్తిడి కారు టైరుకు ఆరు రెట్లకు పైనే. విమానం బరువంతా అరచేతులంత మేర మీద పడుతుంది.

పైపొరకు మామూలు కాంక్రీటు పనికిరాదు. దానికి పూర్తి బలం రావడానికి 28 రోజులని లెక్క. సల్ఫోఅల్యూమినేట్ సిమెంటు నీరు తగలగానే సూదుల్లాంటి ఎట్రింగైట్ స్ఫటికాలు కట్టి, రెండు గంటల్లో విమానాన్ని మోస్తుంది. అదీ లేకపోతే అల్యూమినియం పలకలో, ఫైబర్‌గ్లాస్ చాపో పరుస్తారు. చివర్న చీపురు. చిన్న రాయి జెట్ ఇంజన్‌లోకి పోయినా చాలు, విమానం పని అయిపోయినట్టే.

రన్‌వే మొత్తం బాగుచేయాలనీ లేదు. గోతులు తక్కువున్న చోటు చూసి, సుమారు 15 మీటర్ల వెడల్పు, 1,500 మీటర్ల పొడవున్న పట్టీ తేలితే యుద్ధ విమానాలకు సరిపోతుంది. హెర్క్యులిస్ లాంటి కొన్ని రవాణా విమానాలకు ఇంత పట్టింపు ఉండదు. 1982 మే 1న ఫాక్‌లాండ్స్ యుద్ధంలో స్టాన్లీ విమానాశ్రయం మీద బ్రిటిష్ వల్కన్ బాంబర్ 21 బాంబులు వదిలితే ఒక్కటే రన్‌వేకి తగిలింది. అర్జెంటీనావాళ్లు దాన్ని పూడ్చి హెర్క్యులిస్ విమానాలను దింపుతూనే ఉన్నారు. పగలు మట్టికుప్పలు పోసి, గోతులు ఇంకా ఉన్నట్టు నటించారు. ఇంజనీరింగులో నాటకానికీ చోటుంది మరి!

రన్‌వే గోతుల బెడదను తప్పించుకునే మరో దారి ఆంధ్రప్రదేశ్‌లోని కొరిశపాడు దగ్గర కనిపిస్తుంది. అక్కడ జాతీయ రహదారి 16లో నాలుగు కిలోమీటర్ల మేర విమానాలు అత్యవసరంగా దిగడానికి వీలుగా కట్టారు. 2022 డిసెంబరులో వైమానిక దళం పైన తక్కువ ఎత్తులో ఎగిరి పరీక్షించింది. మిగతా రోజుల్లో దాని మీద లారీలు నడుస్తుంటాయి.