సెంట్ల లెక్క, గుంటల లెక్క

గౌతమీ వశిష్ఠల నడుమనున్న కోనసీమలో నేల తక్కువ, కొనగోరువా రెక్కువ. ఇచ్చట ఎకరము కొబ్బరితోట నమ్మినచో పైప్రాంతములలో పలు ఎకరములు కొనవచ్చునను ఆశ క్రొత్తది కాదు. 1931లో నిజాంసాగరు పూర్తియైన పిమ్మట నిజామాబాదు జిల్లాకును, 1953లో తుంగభద్ర జలాశయమున నీరు నిలిచిన పిమ్మట రాయచూరు సీమకును కోస్తా రైతులు తరలిపోయిరి. సింధనూరు, గంగావతి పరిసరములలో వారు నెలకొల్పిన ఊళ్ళను నేటికిని ‘క్యాంపు’లనియే పిలుతురు. ఇప్పుడును అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములనుండి అట్లు కొనదలచినవారికి ముందుగా ఎదురగు చిక్కు కొలతలది. దానిని గూర్చియే మేము ముచ్చటింపదలచితిమి.

మనకు ఎకరమునకు నూరు సెంట్లు. తెలంగాణమునను, కర్ణాటకమునను ఎకరమునకు నలుబది గుంటలు. ఎకరము మాత్రము ఎచ్చటనైనను 4,840 చదరపు గజములే. కావున సెంటు 48.4 గజములు, గుంట 121 గజములు. గుంటకు రెండున్నర సెంట్లు. 66 అడుగుల సర్వే గొలుసును నాలుగువైపులను పరచినచో ఆ చదరములో మన లెక్కకు పది సెంట్లు, వారి లెక్కకు నాలుగు గుంటలు ఇముడును.

ఇంతవరకు సులువే. మోసపోవునది కాగితము చదువునప్పుడు. అచ్చటి పహాణీలో 1-30 అనియో, 1.30 అనియో ఉండును. మన కన్ను దానిని ఎకరము ముప్పది సెంట్లుగా చదువును. అది ఎకరము ముప్పది గుంటలు, అనగా ఎకరము డెబ్బదియైదు సెంట్లు. ఎకరము ఎనిమిది లక్షల చొప్పున బేరము కుదిరినదనుకొందము. పది లక్షల నలుబదివేలు సిద్ధపరచుకొని బయానా ఇచ్చినవాడు రిజిష్టరు నాటికి పదునాలుగు లక్షలు చెల్లింపవలసివచ్చును. మిగిలిన మూడు లక్షల అరువదివేలు దొరకకున్న బయానాకే ముప్పు. ఒక గురుతు కలదు: గుంటల అంకె ముప్పదితొమ్మిదిని దాటదు. 2.60 అని ఉన్నచో అది గుంటల లెక్క కానేరదు. ముప్పదితొమ్మిదికి లోపలి అంకెయైనచో అడిగి తెలిసికొనవలసినదే.

ధరలును ఇట్లే. సెంటు పదివేలనుటయు, గుంట ఇరువదియైదువేలనుటయు ఒక్కటియే; రెండును ఎకరమునకు పది లక్షలు. గుంట ఇరువదివేలని విని మన సెంటు ధరకు రెట్టింపని బెదరి వచ్చువారికి, నిజమునకు ఆ పొలము ఎకరమునకు రెండు లక్షలు చౌక యని తోచదు.

ధర సరిపోయినను విస్తీర్ణమంతయు సాగునేల కాకపోవచ్చును. పహాణీలో ‘ఖరాబు’ అను పద్దు ఉండును. రాయి, గట్టు, వాగు, దారి వంటి సాగుకు రాని భాగము అందు చేరును. అందులో ప్రజల ఉపయోగమునకు విడిచిన దారిని, వాగును ధర కట్టి కొనుట వ్యర్థము. అది మన పోరంబోకు వంటిది. ఇక నీటి మాట. కాలువ మొదటనున్న ఎకరమును, చివరనున్న ఎకరమును కొలతకు సమానమే గాని, నీరందని ఏట పంటకు సమానములు కావు. గోదావరి కాలువల క్రింద పెరిగిన మనవారు దీనిని తేలికగా తలతురు. పొలమును వేసవిలో గాక, కాలువ పారునప్పుడు చూచుట మేలు.

ఒప్పందపు కాగితమున విస్తీర్ణమును అంకెలలో గాక అక్షరములలో, గుంటలును సెంట్లును రెండును వ్రాయింపవలెను. ఖరాబును వేరుగా చూపింపవలెను. సర్వేయరుచే హద్దురాళ్ళ నడుమ కొలిపించి, ఆ కొలత పహాణీతో సరిపోయిన పిదపనే మిగిలిన సొమ్ము చెల్లింపవలెను.