తాయ్‌చీలో పిడికిలి

తూలి పడతామన్న భయంతో వచ్చే వృద్ధులకు తాయ్‌చీ నేర్చుకోమని చెబుతుంటాను. పార్కిన్సన్స్ వ్యాధిగ్రస్తులలో అది శరీరపు నిలకడను పెంచుతుందని 2012లో 195 మందిపై జరిపిన పరిశోధన ఒకటి తేల్చింది. అయితే నేను సూచిస్తున్నది ఒక యుద్ధవిద్యలో సగమేనని చాలాకాలం నాకు తట్టలేదు.

దాని పూర్తి పేరు తాయ్‌చీచువాన్; ‘చువాన్’ అంటే పిడికిలి. హెనాన్ ప్రావిన్స్‌లోని చెన్‌జియాగౌ గ్రామంలో చెన్ వంశీకులు తరతరాలుగా కాపాడుకున్న విద్య ఇది. 19వ శతాబ్దంలో యాంగ్ లూచాన్ వారి వద్ద నేర్చుకొని బీజింగ్‌కు చేర్చాడు. 1956లో ప్రభుత్వ క్రీడాసంఘం యాంగ్ శైలిని 24 భంగిమలకు కుదించింది. నేడు ఉద్యానవనాలలో కనిపించేది చాలావరకు అదే. దానిని తప్పుపట్టలేను, అది లేకుంటే ఈ విద్య నా రోగుల దాకా వచ్చేదే కాదు.

ఆ కుదింపులో చేరనిది ‘తుయ్‌షౌ’. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ముంజేతులు ఆనించి, అవతలివారి బలాన్ని స్పర్శతోనే పసిగట్టి పక్కకు మళ్లించే సాధన అది. మేము నాడి పట్టడం నేర్చుకున్నదీ ఇలాగే. పుస్తకం ఎంత చదివినా, పెద్ద డాక్టరు పక్కన నిలబడి చూస్తే తప్ప వేళ్లకు పట్టుబడలేదు. హాంగ్‌కాంగ్‌లో వృద్ధ గురువుల యుద్ధకళలను మోషన్ క్యాప్చర్ పరికరాలతో నమోదు చేశారు. మోచేయి ఏ కోణంలో వంగిందో వాటిలో తెలుస్తుంది. ఆ చేయి ఎదుటివాడిపై ఎంత బరువుతో ఆనిందో తెలియదు.

2020 డిసెంబరులో యునెస్కో తాయ్‌చీచువాన్‌ను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, వంశపారంపర్యంగానూ గురుశిష్య బంధంతోనూ అది సాగుతున్న తీరును పేర్కొన్నది. ఆరోగ్యం అనుమతించిన వారికి, తుయ్‌షౌ కూడా నేర్పే గురువును వెతుక్కోమని ఇప్పుడు ఒక మాట కలుపుతున్నాను.